ముందు ఏది చూడాలి?

కొత్తగా వచ్చిన నర్సు మాస్టారిని దాటుకుని వెళ్ళిపోయింది.

అప్పుడే సినిమా అయి హాల్లో లైట్లు వెలిగాయి. గుర్రాల మాస్టారు తెర పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

బడిలో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం సాయంత్రాలు లైబ్రరీ మేడ మీద హాల్లో కౌబాయ్ సినిమాలు వేస్తాడు. సినిమాకి ముందు కాసేపు మాట్లాడతాడు. కొత్తవాళ్ళెవరొచ్చినా ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో చెప్పేది ఆయనే. గుర్రాల మాస్టారన్న పేరు అలా వచ్చిందే. ఆ పేరంటే ఆయనకి లోలోపల మహా ఇష్టం.

నర్సు తిన్నగా చివరి వరసకి వెళ్ళింది. అక్కడ పళ్ళ డాక్టరు కూర్చుని ఉన్నాడు.

"డాక్టరు గారూ, నాకీ సినిమాలు బొత్తిగా కొత్త. ముందు ఏది చూడమంటారు?"

మాస్టారి చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"తుపాకులు ఎక్కువున్నది వద్దమ్మా," అన్నాడు డాక్టరు మెల్లగా. "ముసలి గుర్రాన్ని అమ్మడానికి బయల్దేరి, అమ్మలేక ఊరూరా తిరిగే రైతు కథ ఒకటుంది. అది చూడు. అది నచ్చిందా, మిగతావి వాటంతటవే నచ్చుతాయి."

నర్సు నవ్వుతూ తలూపింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు వచ్చి చేరారు.

మాస్టారు తెరని విసురుగా చుట్టేశాడు.

ఇంటికొచ్చాక చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"పళ్ళు పీకేవాడికి సినిమాల గొడవెందుకే? నేనెప్పుడైనా వెళ్ళి ఎవరి పన్నైనా పీకానా?"

"పన్నయితే పీకలేదు. నా ప్రాణం పీకుతున్నారుగా," అంది భార్య బట్టలు మడతపెడుతూ. "ఇంతకీ ఆయన చెప్పింది మంచి సినిమా కాదా?"

మంచిదే. మాస్టారి ఏడుపంతా అదే.

తనైతే మొట్టమొదటి మూగ సినిమా నుంచి వరసగా చూడాలంటాడు. రెండోది అయ్యేసరికి సగంమంది ఆవలిస్తారు. డాక్టరు చెప్పింది చూసినవాళ్ళు మాత్రం పై వారం కళ్ళు మెరుస్తూ వస్తున్నారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే తంతు. కొత్త ముఖాలు వస్తున్నాయి, హాలు నిండుతోంది. సంతోషించాల్సింది పోయి, ఎవరి మెడ చివరి వరస వైపు తిరుగుతోందో చూసుకోవడంతోనే సరిపోతోంది మాస్టారికి. తెర మీద నాయకుడు గుర్రమెక్కినా పట్టడం లేదు, దిగినా పట్టడం లేదు.

ఒకరోజు ఉండబట్టలేక మెట్ల మీద ఆపేశాడు.

"డాక్టరు గారూ, ఓ మాట. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవండి."

"అర్థం కాలేదు మాస్టారూ."

"సలహాలు చెప్పాలని అంత ఉబలాటంగా ఉంటే మీరే ఓ హాలు చూసుకోండి. ఇక్కడికి మాత్రం రాకండి."

డాక్టరు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నేను మీరు చెప్పేది వినడానికే వస్తానండీ."

వెటకారమనుకున్నాడు మాస్టారు.

"విన్నది చాల్లెండి."

"సరే మాస్టారూ."

అంతే. గోడ పట్టుకుని, ఆగి ఆగి మెట్లు దిగాడు డాక్టరు.

పై ఆదివారం చివరి వరసలో ఆ కుర్చీ ఖాళీ. మాస్టారికి ఏనుగెక్కినంత సంబరం. కొత్తగా వచ్చిన దంపతులు తిన్నగా ఆయన దగ్గరికే వచ్చి అడిగారు. మూగ సినిమా నుంచి మొదలుపెట్టి, వాళ్ళ కాళ్ళు పీకేదాకా చెప్పాడు.

కొన్ని వారాలు గడిచాయి.

కొత్తవాళ్ళు రావడం తగ్గింది. తర్వాత అసలు ఆగిపోయింది. పాతవాళ్ళలోనూ ఒకరికి పనులు, ఒకరికి బదిలీ. హాల్లో ఫాన్ల చప్పుడు వినిపించడం మొదలైంది.

"తెలిసింది!" అన్నాడు మాస్టారు భార్యతో. "ఎక్కడో సొంతంగా హాలు పెట్టాడు. నా జనాన్ని లాక్కుపోయాడు. పైకి ఆ నంగనాచి మాటలు!"

"నా మీద అరిస్తే ఏం లాభం? వెళ్ళి ఆయన్నే అడగండి."

అగ్గి మీద గుగ్గిలమవుతూ పళ్ళాసుపత్రికి వెళ్ళాడు. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఎత్తు కుర్చీని గుడ్డతో తుడుస్తోంది.

"ఏ పన్ను నొప్పండీ?"

"నొప్పి పన్నులో కాదమ్మా. డాక్టరు గారిని పిలు. ఆదివారాలు ఎక్కడ సినిమాలేస్తున్నాడో కనుక్కోవాలి."

ఆ అమ్మాయి గుడ్డ పక్కన పెట్టింది.

"నాన్న పోయి నెల దాటిందండీ. గుండె."

మాస్టారు ఆ ఖాళీ ఎత్తు కుర్చీ అంచు పట్టుకున్నాడు.

"మీరు... గుర్రాల మాస్టారు గారా?"

ఆయన తలూపాడు.

"కూర్చోండి బాబాయ్ గారూ." గబగబా స్టూలు జరిపింది. "చివర్లో ఆదివారాలు మానేశారు. ఎందుకు నాన్నా అంటే, మెట్లెక్కలేకపోతున్నానమ్మా అనేవారు. ఇంకేమీ చెప్పలేదు."

"మరి... ఆయన వేరే హాలు..."

"హాలా? నాన్నకి మీ హాలు తప్ప ఇంకోటి తెలీదండీ." తడి కళ్ళతోనే చిన్నగా నవ్వింది. "ఈ కుర్చీలో ఎవరు నోరు తెరిచినా, కాదనడానికి వీల్లేకుండా పరికరం నోట్లో పెట్టి మరీ చెప్పేవారు, 'ఆదివారం లైబ్రరీ మేడ మీదికి వెళ్ళండి, మా మాస్టారు చెబుతుంటే వినాలి' అని. మీ హాలుకి వచ్చిన జనమంతా ఈ కుర్చీలోంచి లేచి వచ్చినవాళ్ళేనండీ."