తిట్టుకు ఫుల్‌స్టాప్

"నీ పాడె గట్ట, చేతికొచ్చిన ఎర్ర కాయిన్ వదిలేస్తివి గదరా."

శ్రీదేవి మేడం తెర మీద వేలు పెట్టి ఆ మాటను పైకి చదివింది.

"ఇది చంపుతానని బెదిరించడం కాదా, జ్ఞానేశ్వర్ గారూ?"

"కాదు మేడం. మా సీమ పక్క, బిడ్డ పరీక్ష పాసయి వచ్చినా ఇదే మాట అంటారు."

మేడం నమ్మలేదు. ఆమె హైదరాబాదు నుంచి వచ్చి రెండు నెలలే అయింది. ఆ కర్నూలు ఆఫీసు ఇంటర్నెట్‌లో ఒక క్యారమ్స్ ఆట నడుపుతోంది. ఒక్కో బోర్డు దగ్గర నలుగురు చేరి, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటూ ఆడతారు. ఎవరు ఏ ఊరివాళ్లో తెలియదు, కనబడేది పెట్టుకున్న పేరూ, అన్న మాటలూ అంతే. పొద్దస్తమానం ఆ మాటలు చదివి, నోరు జారినవాళ్లను హెచ్చరించడం, వినకపోతే తీసెయ్యడం జ్ఞానేశ్వర్ పని. చూడకుండా టైపు కొడతాడని చేర్చుకున్నారు. ఆ విద్య, ఊళ్లో పిల్లలకు టైపు నేర్పిన తల్లి పెట్టిన భిక్ష. తిట్లు చదివే ఉద్యోగమని మాత్రం బేతంచెర్లలో ఇంట్లో చెప్పుకోలేదు. కంప్యూటర్ ఆఫీసు అన్నాడు, వాళ్లకు అది చాలు.

"ఈ పులి63 మీద ఇది మూడో ఫిర్యాదు" అంది మేడం. "పదకొండుకొస్తాడు, పన్నెండుకు పోతాడు. శని, ఆదివారాలు పత్తా ఉండడు. ఏ గవర్నమెంటు ఆఫీసులోనో పని ఎగ్గొట్టే గుమాస్తా అయి ఉంటాడు."

"ఒక మాట కొట్టడానికి అర నిమిషం పడతాంది మేడం."

"తాగి ఆడతాడేమో. పైగా తిట్టుకు కూడా ఫుల్‌స్టాప్ పెడతాడు, చూడండి."

జ్ఞానేశ్వర్ నవ్వాడు. పులి63ని తీసెయ్యడానికి అతనికి మనసు రావడం లేదు. నిజం చెప్పాలంటే ఆ తిట్లు చదువుతుంటే కడుపు నిండినట్టుండేది. వాళ్లమ్మ రాజ్యలక్ష్మమ్మ నోరు ఊరంతటికీ తెలుసు. తిట్టకుండా అన్నం పెట్టి ఎరగదు. అలాంటి మనిషికి అరవై మూడో ఏట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ, నాలుకా పడిపోయాయి. ఎనిమిది నెలలుగా ఇంట్లో తిట్టు వినబడలేదు. వారం చివర ఇంటికి పోయినప్పుడు ఆ నిశ్శబ్దం భరించలేక అతను మిద్దె మీదికి పోయి కూర్చునేవాడు.

"ఊరికే మూల కూర్చోబెట్టొద్దు. నలుగురితో కలపండి. మాట దానంతటదే వస్తుంది" అని డాక్టరు చెప్పాడు.

మొన్న భార్య రమ్యశ్రీ ఫోన్ చేసింది. "అత్త ఈ మధ్య బాగుండాదండీ. రెండు ముద్దలు ఎక్కువ తింటాంది. నిన్న నాలిక కదిలిచ్చి 'నీ' అన్నాది."

"నీ... తర్వాత?"

"అంతే. ఆడికే ఆగిపోయినాది."

తర్వాత ఏమొస్తుందో జ్ఞానేశ్వర్‌కు బాగా తెలుసు. ఆ ఒక్క తిట్టు వింటే చాలు, జన్మ ధన్యమయినట్టే.

శుక్రవారం నాలుగో ఫిర్యాదు వచ్చింది. ఈసారి మేడం కుర్చీ లాక్కుని అతని వెనకే కూర్చుంది.

"ఈ నెలాఖరుకు మీ ఉద్యోగం పర్మనెంటు చెయ్యాలా వద్దా అని నన్ను అడుగుతారు. మీ ప్రాంతంవాడని వెనకేసుకొస్తున్నారంటే నేనేం చెప్పను?"

"ఒక్కసారి చెప్పి చూస్తా మేడం."

అతను కొట్టాడు: "దయచేసి మర్యాదగా మాట్లాడండి"

అర నిమిషం గడిచింది. జవాబు ఒక్కో మాటగా వచ్చింది.

"నాకే మర్యాద నేర్పుతావా, నీ వేళ్లు ఇరగ. ముందు ఫుల్‌స్టాప్ పెట్టడం నేర్చుకోపో."

జ్ఞానేశ్వర్‌కు నవ్వు ఆగలేదు. మేడం నవ్వలేదు.

"తీసెయ్యండి. శాశ్వతంగా."

ఈ ఉద్యోగం పోతే అమ్మకు వైద్యం ఎట్లా? అతను పులి63 పేరు మీద నొక్కి, తీసేసేముందు పంపాల్సిన నోటీసు కొట్టాడు. ఈసారి ఫుల్‌స్టాప్ మరచిపోలేదు.

"ఇకపై మీరు ఇక్కడ మాట్లాడలేరు."

శనివారం పొద్దున్నే బేతంచెర్లలో బస్సు దిగి, మైసూర్‌పాకు పొట్లం పట్టుకుని ఇంటికి పోయాడు. రమ్యశ్రీ వాకిట్లోనే ఎదురొచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"నిన్న మద్యానం నుంచి అత్త మెతుకు ముట్టలేదండీ. 'నీ' అనేది గూడా పోయినాది."

రాజ్యలక్ష్మమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అతను మంచం పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, నేనొచ్చినా. ఈ పక్క తిరుగు."

ఆమె తిరగలేదు. అతను భార్య వైపు చూశాడు.

"ఏం జరిగినాది రమ్యా?"

"మీకు చెప్పొద్దని రాసి చూపించి నా చేత ఒట్టేయించుకున్నాది. మాటొచ్చినాక తనే చెప్తాదంట." రమ్యశ్రీ కళ్లొత్తుకుంది. "నలుగురితో కలపమన్నాడు గదా డాక్టరు. నోరు లేనామె ఎవరితో కలుస్తాది? మీ ఆఫీసు క్యాలెండర్ మీద ఆట బొమ్మ ఉండాది గదా, అది చూపించి ఇదే కావాలని సైగ చేసినాది. మీరు ఇంట్లో లేని దినాలు వంటయినాక ఒక గంట కూర్చోబెడతాంటి."

ఆమె మూలనున్న కంప్యూటర్ మీది గుడ్డ తీసి, మీట నొక్కింది.

"నిన్నటి నుంచి ఏం నొక్కినా ఇదొక్కటే వస్తాండాది. మీకు తెలుస్తాది గదా, రవ్వంత బాగు చెయ్యండి."

తెర వెలిగింది.

"ఇకపై మీరు ఇక్కడ మాట్లాడలేరు."