కాలని చెయ్యి

"గ్లౌజులా? నాకా?" కమ్మరి మేస్త్రి ఇంతెత్తున లేచాడు. "ఇన్నేళ్లూ ఉత్త చేతులతో ఇనుము వంచినవాణ్ణి! ఇప్పుడు కొత్త పెళ్లికూతురిలా చేతులు దాచుకోమంటావా?"

కూతురు తగ్గలేదు. కొనుక్కొచ్చిన తోలు గ్లౌజులు, ఏప్రన్ బల్లమీద విసిరికొట్టింది.

"మొన్న అరచేతిలో రెండు బొబ్బలు. ఎప్పుడు కాలిందంటే తెలీదంటావు. ఇంకొక్క బొబ్బ కనబడిందా, కొలిమికి తాళం పెట్టేస్తాను నాన్నా! ఒట్టు!"

తాళం మాట వినేసరికి మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. కొలిమి లేకపోతే తనేం చెయ్యాలట? ఇంట్లో కూచుని గోళ్లు గిల్లుకోవాలా? నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల, తనకు తాళం వేస్తుందట తాళం!

"అవీ బొబ్బలేనటే? మంట లేదు, నొప్పి లేదు. పని తెలిసిన చేతి జోలికి నిప్పు రాదు. కావాలంటే మీ మామయ్యని అడుగు!"

సమ్మెట కొట్టే బావమరిది ఉలిక్కిపడ్డాడు. ఏప్రన్ కట్టుకుని, మోచేతుల దాకా గ్లౌజులు తొడుక్కుని ఉన్నాడు. కొలిమిలోంచి పట్టుకారుతో ఉలిని తీసి దాగలి దిమ్మ మీద పెట్టాడు. తండ్రీకూతుళ్ల మధ్య మనకెందుకని పక్కకు జరిగాడు.

"ఆయన్నెందుకు లాగుతావు?" అంది కూతురు. "ఆయన బుద్ధిగా అన్నీ వేసుకుంటాడు. మొండితనమంతా నీదే!"

"వాడికి భయం! వాడూ ఒక కమ్మరేనా?"

వాదన ముదిరింది. నువ్వెంతంటే నువ్వెంత అనుకున్నారు. ఎంత అరిచినా కూతురు మాట వెనక్కి తీసుకోదే! మేస్త్రి ఆ కోపంలో దాగలి మీది నల్లటి ఉలిని పిడికిట బిగించి, ఆమె మొహం ముందు ఆడించాడు.

"తాళం వేస్తావూ? వెయ్యి చూద్దాం! నా కొలిమి, నా చేతులు, నా ఇష్టం!"

"బావా..." అన్నాడు బావమరిది గాభరాగా.

"నువ్వు నోర్ముయ్!"

అంతలో కాలిన చర్మం కంపు గుప్పుమంది. మేస్త్రి మొహం వెలిగిపోయింది. బావమరిది మీద విరుచుకుపడ్డాడు.

"చూశావటే! గ్లౌజులేసుకున్న మొనగాడికే కాలింది! ఎక్కడ తగలబెట్టుకున్నావురా సన్నాసీ?"

బావమరిది ఒక్క ఉదుటున వచ్చి, గ్లౌజుల చేతులతో మేస్త్రి పిడికిలి బలవంతంగా విప్పి, అరచేతికి అంటుకుపోయిన ఉలిని లాగి పారేసేదాకా, కాలుతున్నది తన చెయ్యేనని ఆయనకు తెలియనే లేదు.