బతక్కోరే బావమరిది

“మీరెవరూ లోపలికి రావద్దండీ. ఇంట్లోవాళ్ళు చూస్తుంటే ఆయన నాలుక మరీ బిగుసుకుపోతుంది” అంటూ స్పీచ్ థెరపీ అమ్మాయి శ్రీసత్య తలుపు వేసేసింది.

బయట బెంచీ మీద గుణశేఖర్, అతని అక్క గంగాభవాని మిగిలారు. లోపలున్నది భవాని మొగుడు దేవీప్రసాద్, పోర్టులో క్రేన్ ఆపరేటర్. నాలుగు నెలల కిందట తలలో నరం చిట్లింది. ఆపరేషనై ప్రాణం దక్కింది. కుడిచెయ్యి కొద్దికొద్దిగా దారికొస్తోంది. మాట మాత్రం పడిపోయింది.

కొడుకుని చూపించడానికొచ్చిన నారాయణమ్మ పక్కకి జరిగి, “ఈ బాబు మీకేటవుతాడమ్మా? ఎప్పుడు సూసినా ఈ బాబే పట్టుకొస్తన్నాడు” అంది.

“నా తమ్ముడండీ. స్టీల్ ప్లాంట్‌లో డ్యూటీ దిగి తిన్నగా ఇటే వస్తాడు. ఆయనకి స్నానం ఈడే సేయిస్తాడు, గడ్డం ఈడే గీస్తాడు. ఆ రోజు నాను ఎలమంచిలిలో సీమంతానికెళ్ళాను. ఈడు ఇంట్లో ఉండబట్టి అరగంటలో ఆస్పత్రికి తెచ్చీసాడు. నేకపోతే నా బొట్టు నిలిచేది కాదు.”

“బావమరిది బతక్కోరతాడని ఊరికే అన్నారేటి!”

సామెత చెంపమీద కొట్టినట్టయింది గుణశేఖర్‌కి. దాహం లేకపోయినా లేచి మంచినీళ్ళ కుళాయి దగ్గరికి పోయాడు.

అరగంటా, పాడా! అయిదు గంటలు.

ఆ మధ్యాహ్నం పెందుర్తిలో అక్క ఇంటికి వెళ్ళేసరికి బావ పెరట్లో గోడ పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు. అడుగు తూలుతోంది, నాలుక మడతపడుతోంది. మందు ముట్టనని సింహాచలం అప్పన్న ముందు ప్రమాణం చేసి అప్పటికింకా ఏడాది నిండలేదు.

“మళ్ళీ మొదలెట్టీసావేటి బావా! అక్క సూసిందంటే ఇల్లు పీకి పందిరేస్తాది” అన్నాడు గుణశేఖర్. బావ తల పట్టుకుని ఏదో చెప్పబోయాడు. ఎవడు విన్నాడు? నిమ్మకాయ పిండిన మజ్జిగ పట్టించాడు. లోపలి గదిలో పడుకోబెట్టాడు. వీధిలోకొచ్చి పరువు తీసుకుంటాడేమోనని బయట గొళ్ళెం పెట్టాడు. అక్క ఫోన్ చేస్తే, “డ్యూటీ సేసొచ్చి పడుకున్నాడక్కా” అన్నాడు. బావ గుట్టు కాపాడానని తన భుజం తనే తట్టుకుని, హాల్లో కూర్చుని క్రికెట్ చూశాడు. మధ్యలో రెండుసార్లు తలుపు కొట్టిన చప్పుడైంది. “పడుకో బావా!” అని టీవీ సౌండు పెంచాడు.

ఏడింటికి గొళ్ళెం తీస్తే బావ మూతి పక్కకి పోయి ఉంది. దగ్గరికి వంగి చూస్తే నోట మందు వాసనే లేదు. ఆ వంగేదేదో మధ్యాహ్నమే వంగొచ్చు కదా! ఆ బుద్ధి లేకపోయింది.

“ఎంతసేపైంది?” అని డాక్టరు అడిగితే, “అరగంట” అనేశాడు. ఆ అబద్ధం కాలనీ అంతా తిరిగి మెచ్చుకోళ్ళుగా ఇంటికొచ్చింది.

దాన్ని మోయలేక, పోయిన నెల మొదటి ఆదివారం బావకి గడ్డం గీస్తూ గీస్తూ రేజరు కిందపెట్టి కాళ్ళమీద పడ్డాడు.

“బావా, నీకు మాటొస్తే గొళ్ళెం సంగతి అక్కకి సెప్పకు. నీ కాళ్ళట్టుకుంటాను. అదొక్కటీ సెప్పకు.”

బావ చాలాసేపు అతని వంకే చూశాడు. సబ్బు నురగ అంటిన ఎడంచేత్తో అతని తల నిమిరాడు. గుణశేఖర్‌కి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. నోరులేనివాణ్ణి పట్టుకుని నోరు విప్పకని అడుక్కున్నాడు. ఛీ, ఇంతకంటే నీచం ఉంటుందా!

కుళాయి దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి భవాని కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

“ఏటయ్యిందక్కా?”

“ఏటీ నేదురా. పొద్దున్న కాఫీ ఇచ్చి, ఒక్కసారి భవానీ అనండని బతిమాలాను. పెదాలు కదిపారు. అంతలో ఏటనుకున్నారో, నోరు మూసీసుకున్నారు. కళ్ళంట నీళ్ళు.”

“వస్తాదిలే అక్కా.”

“రావాలి. రాగానే ఆ రోజు ఏటి జరిగిందో ముందు అదే అడుగుతాను. నువ్వు గొప్పలు సెప్పుకోవు కదా! ఆయన నోటంట ఇనాలి.” భవాని ముక్కు చీది నవ్వింది. “ఆయనకి అబద్ధం ఆడ్డం సేతకాదు. అప్పట్లో తాగొచ్చినా, తాగారా అనడిగితే నేదనేవారు కాదురా. నోరు మూసుకుని కూసునేవారు, అంతే.”

తలుపు తెరుచుకుంది. దేవీప్రసాద్ కర్ర ఊతంతో బయటికొచ్చాడు. బావమరిదిని చూసి ఎప్పట్లాగే చిన్నగా నవ్వాడు. భవాని ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా ఆటో వైపు నడిపించుకెళ్ళింది.

“మీరొక్క నిమిషం ఆగండి” అంది శ్రీసత్య. “వచ్చే వారం నుంచి ఆయన్ని తీసుకురానక్కర్లేదు. ఇవాళ్టితో ఆపేస్తున్నాం.”

“అంటే... ఇక మాట రాదా అమ్మా?”

అడుగుతుండగానే లోపల ఎక్కడో బరువు దిగినట్టయింది. అది తెలిసి గుణశేఖర్ తనని తానే అసహ్యించుకున్నాడు. మెట్ల దగ్గర అక్క, “ఏదీ, ఒక్కసారి భవానీ అనండి” అని బావని మళ్ళీ బతిమాలుతోంది.

శ్రీసత్య తెల్లబోయింది.

“అదేమిటండీ! పోయిన నెలలోనే మీకు ఫోన్ చేస్తానంటే, వద్దు, రేపు ఆదివారం ఇంట్లో అందరికీ నేనే చెప్తానన్నారు. చెప్పలేదా?”

“ఏటి సెప్పాలమ్మా?”

“ఆయనకి మాటొచ్చి నెల దాటింది.”