పెన్‌డ్రైవ్‌లో శోకం

“సగంలో తెగిపోనాది బాబూ. మల్లీ ఎయ్యి,” అంది దాలమ్మ.

కాశీబుగ్గ బస్టాండు పక్కన, పాటలు ఎక్కించే కొట్టు యుగంధర్‌ది. దాలమ్మ తెచ్చిన సెల్‌ఫోనులో ఏడు నిమిషాల రికార్డింగు ఉంది. ఆ ఫార్మాటు మైకుసెట్టులో పలకదు. ఎంపీత్రీగా మార్చి పెన్‌డ్రైవ్‌లో వెయ్యాలి. మొదటి సాఫ్ట్‌వేరు ఉచితమే కానీ, సగం మార్చి ఊరుకుంది.

పాటేమో అనుకున్నాడతను. కాదు, శోకం. శవం పక్కన కూర్చుని ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చే ఏడుపు. ఉద్దానంలోని దాలమ్మ ఊళ్లో ఏ ఇంట మనిషి పోయినా ముందు ఆమెకే కబురు వెళుతుంది. కిడ్నీలు పాడై చనిపోయేవాళ్లు ఎక్కువయ్యాక ఆమె గొంతుకు విశ్రాంతి లేదు.

“ఎవులికత్తా ఈ శోకం?”

“మా ఇంటికే. ఇంకెన్నాల్లో లేదని డాట్రు సెప్పేసినాడు. మా ఇంట ఏడ్సే ఆడది నానొక్కత్తినే. గొంతు పోకముందే ఏడిసేసినాను.”

యుగంధర్ గుమ్మం వైపు చూశాడు. బెంచీ మీద ఆమె భర్త పోలయ్య, ఆసుపత్రి కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని గోడకు జారగిలబడి ఉన్నాడు. బతికున్న మనిషికి శోకమా! స్పీకర్ల సౌండు తగ్గించాడు.

“మావ ఇంటాడత్తా.”

“ఇననీ. ఆయన కోసవే కదా.”

రెండో సాఫ్ట్‌వేరు మొత్తం మార్చింది గానీ, నిమిషానికోసారి ఓ ఇంగ్లీషు ఆడగొంతు మధ్యలో దూరి కంపెనీ పేరు చెప్పిపోతోంది.

“ఈ దొరసానెవులు? మా సావుకి ఈవిన్నెవులు పిలిసినారు?”

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వినందుకు యుగంధర్‌కి సిగ్గేసింది.

మూడోది ఫైలును బాగా కుదించేసింది. గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంది.

“ఇలగేడిత్తే ఎవులికి కన్నీలొత్తాయి బాబూ?”

ఫైలు ఎంత పెద్దదైనా సరేనని, నాలుగోదాంట్లో నాణ్యత పూర్తిగా పెంచి పెట్టాడు. ఈసారి ఏడు నిమిషాలూ వచ్చాయి, మధ్య మధ్య ఆమె ఊపిరి తీసుకున్న చప్పుడుతో సహా. కొబ్బరి మొక్కలకు మోసిన నీళ్లు, జీడిపిక్కలు కొట్టి నల్లబడిన వేళ్లు, తాను పస్తుండి పిల్లలకు పోసిన గంజి, ఒక్కొక్కటే తలుచుకుని ఏడ్చింది. బయట పోలయ్య తువ్వాలు మొహాన కప్పుకున్నాడు.

“ఇదే. ఇదుంచు,” అంది దాలమ్మ, తేలికపడ్డట్టు.

“ఫైలుకి పేరెట్టాలత్తా. లేపోతే మైకోడు ఎతుక్కుంటాడు. ఏటని కొట్టమంటావు?” పోలయ్య పేరు తన నోటితో అనలేకపోయాడు యుగంధర్.

“దాలమ్మని కొట్టు.”

“ఏడిసినోల పేరు కాదత్తా. పోయినోల పేరు.”

“అదే సెప్తన్నాను బాబూ, దాలమ్మ.”