ఒకటో నంబరు ఎవరిది?

"రెండా! నానాకి రెండో నంబరా? నోరు కడుక్కో అమ్మాయ్!"

ముసలి అగ్యెమాన్ బంగారు పూత చేతికర్రతో నేలమీద ఠపీమని కొట్టాడు. ఆ ఊరి రాజు నానాకి ఆయన ఒక్యామె. నానాతో ఎవరూ నేరుగా మాట్లాడకూడదు. మాట పోవాలన్నా రావాలన్నా ఒక్యామె నోటిగుండానే.

కంప్యూటర్ ముందు కూర్చున్న అఫ్రియే తల పట్టుకుంది. నానా ఇంట్లో నెట్ పెట్టడానికి కుమాసి పట్నం నుంచి కంపెనీ పంపిన మూడో మనిషి ఆమె. ముందొచ్చిన ఇద్దరూ నానా పెట్టే పేచీలు పడలేక సగంలోనే పారిపోయారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఇక్కడ దేవుడే గట్టిపిండంలా ఉన్నాడు! పన్నెండింటికి ఎవరో పెద్దమనిషి స్క్రీన్ మీదికి వస్తాడట. ఆలోగా పని అవ్వాలి.

"తాతా, నెట్ చిరునామాల్లో మోడెమ్‌ది ఒకటి. నానా కంప్యూటర్‌కి రెండు ఇస్తున్నా. ఇక మారదు, స్థిరంగా ఉంటుంది. అంతే!"

"నానాని అడిగొస్తా. కాలు నొప్పి, లోపలున్నారు. నువ్వు ముందు ఆ చెప్పులు విడువు. నానా ఉన్నచోట చెప్పులేంటి?"

అఫ్రియే నాలిక్కరుచుకుని చెప్పులు విడిచింది. అగ్యెమాన్ నానాకని వచ్చిన ఫుఫూ ముద్ద, పులుసు ఉన్న గిన్నె అందుకుని, టపటపా చెప్పుల చప్పుడు చేసుకుంటూ పరదా వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి ఖాళీ గిన్నెతో, మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"పులుసులో ఉప్పు తక్కువైందన్నారు. ఒకటో నంబరు తప్ప ఇంకోటి ఒప్పుకోరట."

"రెండిటికీ ఒకటే నంబరిస్తే రెండూ కొట్టుకు చస్తాయి తాతా!"

మళ్ళీ టపటపా. ఈసారి చాలాసేపటికి వచ్చాడు. గొంతు బాగా తగ్గిపోయింది.

"ఇంకో మాట అడగమన్నారు... ఈ పెట్టె మాట్లాడ్డం మొదలెడితే, ఇక కర్ర మోసే ముసలాడు దేనికి, అని."

అఫ్రియేకి ప్రాణం చివుక్కుమంది. పాపం, తన కొలువు ఊడబెరికే ప్రశ్నని తనే మోసుకొచ్చాడు.

"చూడు తాతా. ఈ కంప్యూటర్ ఎంత గొప్పదైనా బయటివాళ్ళతో నేరుగా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఏదైనా మోడెమ్‌కే చెప్పుకోవాలి, అదే బయటికి చేరవేయాలి. అది లేకపోతే ఇది ఉత్త డబ్బా! మరి ఒకటో నంబరు ఎవరిది? ఒక్యామెది. నానాది రెండు."

ముసలాయన కళ్ళు మెరిశాయి.

"నానా ఒప్పుకున్నారు," అన్నాడు నిలబడ్డచోటే.

"లోపలికెళ్ళి అడగవా?"

"నానా మనసు నాకు తెలీదూ? కానీయ్, కానీయ్!"

ఆమె రెండో నంబరు కొట్టింది. మోడెమ్ మీద పచ్చ దీపం వెలిగింది. పన్నెండు కాగానే కంప్యూటర్ గణగణ మోగి, స్క్రీన్ మీద మసకమసకగా ఓ ముఖం తేలింది.

అగ్యెమాన్ గబగబా చెప్పులు విడిచాడు. భుజం మీది బట్ట నడుముదాకా దించి, స్క్రీన్‌కి వంగి దండం పెట్టాడు.

"నానా! లండన్‌లో చలి ఎలా ఉంది?"