సత్యమ్మ తిట్లు

పేడనీళ్లు శంకరప్ప పంచె అంచుకు జానెడు దూరంలో పడ్డాయి. ఆయన వెనక్కి దూకాడు. రాహేలమ్మ మాత్రం కదల్లేదు.

"మళ్లొచ్చినవా? సిగ్గు శరం ఏమన్న ఉన్నదా నీకు?" ఊరి మొదట్లో ఉన్న తన ఇంటి ముందు చీపురు పట్టుకుని నిలబడింది సత్యమ్మ. "నా వాకిలి దాటి ఊర్లకు అడుగువెడితే కాళ్లిరగ్గొడ్త."

బావి దగ్గర ఆడవాళ్లు చేదలు ఆపి చూస్తున్నారు. సత్యమ్మ ఇంకాస్త గొంతు పెంచి, రాహేలమ్మ భుజం మీది సంచి లాక్కుంది. అందులో సువార్త పుస్తకాలూ, అక్షరాలు దిద్దించే పుస్తకాలూ ఉన్నాయి. వాటిని నీళ్ల కాగు కింద పెట్టి కాలుస్తానని చెప్పి సంచిని ఇంట్లోకి విసిరేసింది.

"ప్రతివారం ఇంతేనా?" అన్నాడు శంకరప్ప పంచె పైకెత్తి పట్టుకుని.

"ఇంతే, అయ్యగారు."

శంకరప్ప వికారాబాదు సంఘాలకు పెద్ద. రాహేలమ్మ ఊరూరా, అనంతగిరి దవాఖానలోనూ తిరిగి ఆడవాళ్లకు వాక్యమూ, చదువూ చెప్పే బైబిలు స్త్రీ. రజాకార్ల గడబిడ సద్దుమణిగిన ఏడాది నుంచి ఆమె రైలెక్కి తాండూరులో దిగి, అక్కడి నుంచి ఈ ఊరికి నడిచి వస్తోంది. ఇంతవరకు ఒక్క మనిషినీ చూపించలేదు, పుస్తకాలు మాత్రం పోతున్నాయి. ఆ ఊరు వదిలేసి ఆమెను మోమిన్‌పేటకు పంపుదామని సంఘంలో అందరూ అన్నారు. ఒక్కసారి వచ్చి మీ కళ్లతో చూడండని ఆమె బతిమాలింది. తీరా చూస్తే ఆయనకు కనబడింది ఈ చీపురు. ఈ ఊరు పోతే తట్టుకోలేనని రాహేలమ్మకు తెలుసు.

అంతలో గొడుగు చంకన పెట్టుకుని, ఊరి భూముల లెక్కలు రాసే పట్వారి పాండురంగం వచ్చాడు. సత్యమ్మను కసిరి లోపలికి పంపి, ఇద్దరినీ తన ఇంటికి తీసుకుపోయాడు. శంకరప్పకు కుర్చీ వేయించి గ్లాసులో మజ్జిగ ఇచ్చాడు. రాహేలమ్మకు మెట్ల కింద దోసిట్లో పోయించాడు. మాట మాత్రం ఇద్దరితోనూ ఒకే రకం, వెన్నలా ఉంది.

సత్యమ్మ పాండురంగం పొలమే కౌలుకు చేస్తుందట. మంచి మనిషేనట. జబ్బుపడ్డ మొగుడి వెంట ఒక వానకాలమంతా అనంతగిరి దవాఖానలో ఉండి వచ్చినప్పటి నుంచి ఇలా మీద పడి కరుస్తోందట. ఇదంతా చెప్పి పాండురంగం నిట్టూర్చాడు.

"దేవుని పని ఆగొద్దు పాదిరిగారు. మా ఊర్ల ఎవరెవరికి గీ చదువు మీద మనసున్నదో పేర్లు చెప్పుండ్రి చాలు. నా అరుగు మీదనే కూసోవెట్టిస్త. వాళ్ల జోలికి ఎవ్వరొస్తరో నేను జూస్త."

శంకరప్ప మనసు కరిగిపోయింది. ఇలాంటి ఊళ్లో ఇలాంటి మనిషి. చెప్పమన్నట్టు రాహేలమ్మ వైపు తిరిగాడు.

"మీరు రోజు జూస్తనే ఉన్నరు గద పంతులు," అంది ఆమె. "గా సత్యమ్మ గట్ల నిలవడ్డంక నన్ను ఊర్లకెవరు రానిస్తరు?"

పాండురంగం మళ్లీ అడిగాడు, తిప్పి తిప్పి అడిగాడు. ఆమె అదే మాట చెప్పి, చేతులు తుడుచుకుని లేచింది.

తాండూరు దారి పట్టాక శంకరప్ప ఉండబట్టలేకపోయాడు. దేవుడే ఒక సహాయకుణ్ని ఎదురు పంపిస్తే నోరు విప్పవేమని కోప్పడ్డాడు. పక్క ఊళ్లో కూడా ఈ పట్వారి ఇలాగే అడిగాడని రాహేలమ్మ చెప్పింది. అక్కడివాళ్లు నమ్మి పేర్లు చెప్పారు. విత్తనాలు వేసే మిరుగు కార్తె వచ్చేసరికి ఆ పేర్ల వాళ్లెవరికీ కౌలు లేదు, కూలీ లేదు.

"మజ్జిగ గప్పుడు గూడ పోసిండు, అయ్యగారు."

శంకరప్ప వెనక్కి తిరిగి ఊరి వైపు చూశాడు. తర్వాత, మరి ఆ ఊళ్లో నీకెవరున్నారు, తియ్యగా మాట్లాడేవాడు అట్లాంటివాడాయె, ఇంకొకామె చీపురు పట్టె, అని విసుక్కున్నాడు. ఉన్నారని ఆమె అంది. ఎవరో తనకైనా చెప్పమన్నాడు.

"పేర్లు నా సొత్తు గాదు అయ్యగారు, చెప్పనీకి."

వికారాబాదులో పొద్దున అన్న మాట సాయంత్రం బండికల్లా తాండూరులో దిగుతుందని ఆమె ఎరుగును. శంకరప్ప మాత్రం నొచ్చుకున్నాడు. కళ్లతో చూడనిదాన్ని సంఘానికి ఏమని చెప్పను, సోమవారం నుంచి నువ్వు మోమిన్‌పేటలోనే, అని తేల్చేశాడు. మోమిన్‌పేటకు ఇంకొకరిని చూసుకొమ్మని ఆమె నెమ్మదిగా అంది. ఆ నెమ్మదికి ఆయనకు ఇంకా మండింది.

స్టేషన్లో నాపరాళ్ల దొంతుల నీడన ఒక పడుచు ఖాళీ గంప పక్కన పెట్టుకుని కూర్చుంది. వీళ్లను చూడగానే లేచి, అటూ ఇటూ చూసి, దగ్గరికి వచ్చి వందనాలు చెప్పింది. చింతచిగురు అమ్ముకోవడానికి వచ్చిన ఆమె పేరు మొగులమ్మ అనీ, ఆ ఊరామేననీ రాహేలమ్మ చెప్పింది.

"మీరు కండ్లతోని జూడాల్నంటిరి గద. ఈమె తనంతల తానే వచ్చింది. చదివించుండ్రి."

శంకరప్ప నమ్మకం లేకుండానే జేబులోని కొత్త నిబంధన తీసి, చేతికొచ్చిన చోట తెరిచి ఇచ్చాడు. మొగులమ్మ చేతిని కొంగుకు తుడుచుకుని వేలు పెట్టి చదివింది. ఒక ఒత్తు దగ్గర ఆగింది, పెదవులు కదిపింది, సరిగ్గా పలికి ముందుకు సాగింది. ఆపమనేదాకా ఆగలేదు. శంకరప్ప కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తనలాంటి వాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారా అంటే మస్తుమంది ఉన్నారంది.

"రాహేలమ్మను ఊరి మొదట్లనే ఆపుతున్నరు గదమ్మా. మరి మీకు చదువు ఎవరు నేర్పిన్రు?"

మొగులమ్మ రాహేలమ్మ వైపు చూసింది. ఫరవాలేదన్నట్టు రాహేలమ్మ తలూపింది.

"మా అత్త సత్యమ్మ."