సంచి కింద పేజీ

"ఫ్యాన్ ఆపాను. కిటికీ వేశాను. మాస్కు పెట్టుకున్నాను. ఇంకేమైనా ఉందా, హెడ్‌మాస్టరుగారూ?" గది లోపలి నుంచి తండ్రి అడిగాడు.

"చేతులు?" తలుపు ఇవతలి నుంచి కూతురు.

"మోచేతుల దాకా తోమాను. ఆపరేషన్ కూడా నన్నే చేసుకోమంటారా?"

రోజుకు నాలుగుసార్లు ఇదే తంతు. ఏడాది కిందట ఆయన కిడ్నీలు చేతులెత్తేశాయి. బొడ్డు పక్కన సన్నటి గొట్టం పెట్టారు. కడుపులోని పాత మందునీళ్ళు దాంట్లోంచి ఖాళీ సంచిలోకి దిగుతాయి. కొత్తవి ఎక్కుతాయి. ఆ కాసేపూ గదిలోకి ఎవరూ రాకూడదు. గాలితో సహా.

నర్సు ఒక పరీక్ష నేర్పింది. దిగిన సంచిని అచ్చుకాగితం మీద పెట్టాలి. అక్షరాలు కనిపిస్తే క్షేమం. మసకబారితే కడుపులో ఇన్‌ఫెక్షన్. "గంట కూడా ఆగొద్దు. ఆగితే మనిషి దక్కడు."

అందుకే బల్ల మీద ఎప్పుడూ ఒకే పాత దినపత్రిక పేజీ. సంచి పెట్టగానే ఆయన పైకి చదువుతాడు. ఆమె బయట నిలబడి వింటుంది. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. గొంతు ఇంకా ఖంగుమంటుంది.

రెండు రోజులుగా ఆయన ముద్ద ముట్టడం లేదు. పడుకుంటే మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుంటున్నాడు. అడిగితే "గ్యాసు" అంటున్నాడు.

"ఆసుపత్రికి వెళ్దాం నాన్నా," అంది నిన్న.

"ఆ వార్డుకా? మీ అమ్మ తిరిగి రాని చోటు. రోజూ కలలోకి వస్తోందే. ఆ గుమ్మంలో నిలబడి చెయ్యి అడ్డం పెడుతోంది."

ఈ పొద్దున్నే ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె ఆ గదిలో బల్ల తుడిచి వచ్చింది.

ఇప్పుడు లోపల సంచి బల్ల మీదికి దిగిన మెత్తటి చప్పుడు.

"చదువు నాన్నా."

"కనబడుటలేదు," మొదలుపెట్టాడు. "వయసు అరవై. చామనఛాయ. నీలం శాలువా."

"నీ కళ్ళజోడు ఉందా?"

"ఉందే తల్లీ. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. 'ఎడమచేతికి వాచీ. ఇంటి నుంచి వెళ్ళి తిరిగి రాలేదు. ఆచూకీ తెలిపినవారికి కృతజ్ఞులమై ఉంటాము.' చాలా?"

ఒక్క అక్షరం పొల్లు పోలేదు. వరస వెంట వేలు పెట్టి చూసుకుంటూనే ఉంది కూతురు, పొద్దున బల్ల మీద వేరే పేజీ పరిచి, తీసి తెచ్చుకున్న ఆ పాత పేజీలో.